నొప్పి లేని అరుపు

నరసరావుపేటలో మా ఇంటి ముందుగదే నా ఆఫీసు. శుభలేఖలు, ఓణీల ఫంక్షను బ్యానర్లు, కరపత్రాలు, కోర్టు అర్జీలు, ఏది టైపు చేయాలన్నా మా వీధి వాళ్లంతా నా దగ్గరికే వస్తారు. ఇరవై ఏళ్లుగా ఇదే పని. కీబోర్డు మీద నా వేళ్లు పడితే చూసేవాళ్లకి కళ్లు తిరుగుతాయి. ఇది నా గొప్ప కాదు, మా ఆయన మాట. ఇంత వేగంగా వంకాయలు కూడా తరగవు కదే అంటాడు. కోపం కూడా నాకు అంతే వేగంగా వస్తుంది. ఈ ముక్క ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే నేను చెప్పబోయే రోజున ఆ కోపం రావాల్సినప్పుడు రాలేదు. వచ్చాక మాత్రం బాగా వచ్చింది.

మూడేళ్ల కిందటి మాట. బొల్లాపల్లి అవతల ఒక పల్లె నుంచి ప్రతి గురువారం ఒక పెద్దాయన బస్సులో మా ఇంటికి వచ్చేవాడు. పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరయ్యాడు. డాక్టరు లేని రోజుల్లో, అంటే చాలా రోజుల్లో, ఆయనే డాక్టరు. బర్రెలకీ ఎడ్లకీ మేకలకీ వచ్చే రోగాలు, వాటికి తాను చేసిన వైద్యం అన్నీ పదకొండు పొడుగు నోటుపుస్తకాల్లో రాసుకున్నాడు. వాటిని పుస్తకంగా వేయించి, మా పల్నాడులో జీవాలు మేపుకునేవాళ్లకి ఊరూరా పంచాలని ఆయన పట్టుదల. మా ఇద్దరికీ చుట్టరికం లేదు. మొదటి రోజే ఆయన నన్ను అమ్మాయ్ అన్నాడు, నేను బాబాయ్ అన్నాను, అంతటితో చుట్టాలమైపోయాం.

ఒక్కో నోటుపుస్తకం నేను టైపు చేయడం, పైకి చదివి వినిపించడం, ఆయన తప్పులు దిద్దించడం. ఒక పుస్తకం పూర్తయిందంటే ఆయన దానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, సాగర్ కాలవలో వదిలేసేవాడు. "అక్షరం ఉన్న కాయితం చిత్తుకాయితాలోడికేస్తే పకోడీ పొట్లం అవుద్దమ్మాయ్, ఆనక కాళ్ల కింద పడుద్ది. పారే నీళ్లలో కలపాల," అనేవాడు. ఉంచండి బాబాయ్ అని చెప్పాల్సిన దాన్ని నేను. చెప్పకపోగా స్కూటీ మీద వెనక కూర్చోబెట్టుకుని కాలవ గట్టు దాకా నేనే తీసుకెళ్లేదాన్ని. మా ఇంట్లోనూ పాత పంచాంగాలు, చిరిగిన వ్రత పుస్తకాలు అలాగే నీళ్లలో కలుపుతాం. నాకు అందులో తప్పేమీ కనిపించలేదు.

ఎనిమిది నెలల్లో తొమ్మిది నోటుపుస్తకాలు కాలవలో కలిశాయి. ఈలోగా ఆయన చూపు మందగించింది. కంట్లో నీటికాసులు, పోయిన చూపు తిరిగి రాదని డాక్టర్లు చెప్పేశారు. ఎదురుగా నేను కూర్చుంటే మనిషిని కాదు, నీడను చూస్తున్నట్టు చూసేవాడు. మిగిలిన రెండు పుస్తకాల్లో రాత వంకరలు తిరిగి నాకూ అర్థం కావడం మానేసింది. అందుకని వాటిని పక్కన పెట్టి నోటితో చెప్పడం మొదలుపెట్టాడు. అంటే అప్పటికి ఆయన నలభై ఏళ్ల వైద్యం ఈ లోకంలో ఒక్కచోటే ఉంది, నా కంప్యూటర్లో, పచ్చ రంగు ఫోల్డర్‌లో. ఇంకో కాపీ లేదు. పెన్‌డ్రైవ్ ఒకటి ఉండేది, ఎవరికో బ్యానరు ఫోటోలు వేసి ఇచ్చాను, మళ్లీ రాలేదు.

ఆ గురువారం పొద్దున ఆయన దొమ్మ రోగం గురించి చెప్పాడు. దొమ్మ వస్తే గొడ్డు ఉన్నట్టుండి పడిపోయి చస్తుంది. ఆ కళేబరాన్ని కోయకూడదు, సున్నం వేసి లోతుగా పూడ్చాలి, లేకపోతే ఊళ్లో గొడ్లన్నిటికీ, మనుషులకీ అంటుకుంటుంది. దానికి తన అనుభవం ఒకటి చెప్పాడు. మాచవరం వైపు ఒక పల్లెలో ఒకామె బర్రె ఈనిన మర్నాడు కూలబడిపోయిందట. ఈయన వెళ్లిన గంటలోనే చచ్చిపోయిందట. దొమ్మ అని పసిగట్టి, ఎవరినీ కత్తి పెట్టనివ్వకుండా దగ్గరుండి పూడ్పించాడట. "ఊరిని కాపాడారు బాబాయ్," అన్నాను టైపు చేస్తూనే. ఆయన కాసిని టీ పెట్టమన్నాడు.

టీ తాగుతూ నేను ఇంకో పని మొదలుపెట్టాను. అచ్చువేసే ప్రెస్సు వాళ్లు మా పాత అక్షరాలు తమ మిషన్లో రావు, కొత్త రకంలోకి మార్చి ఇమ్మన్నారు. దానికో సాఫ్ట్‌వేర్ కావాలి. ఉచితంగా దొరుకుతుందేమోనని ఇంటర్నెట్లో వెతికాను. ఒక పేజీ తెరుచుకుంది. దాన్నిండా డౌన్‌లోడ్ అని మెరిసే పచ్చ బటన్లు. అన్నిటికంటే పెద్దదాన్ని నొక్కాను.

కంప్యూటర్ ఒక్కసారి కేక పెట్టింది. తెర నిండా ఎరుపు, మధ్యలో ఆశ్చర్యార్థకాలు, లోపల్నించి అంబులెన్స్ మోత, ఆ మోత మీద ఎవరో ఆడమనిషి ఇంగ్లీషులో ఆపకుండా హెచ్చరికలు. నీ కంప్యూటర్లో వైరస్ పడింది, ఆపితే ఫైళ్లన్నీ పోతాయి, వెంటనే ఈ నంబరుకు ఫోన్ చెయ్యి. మౌస్ కదలదు. పేజీ మూయడానికి మూలన ఉండే ఇంటూ గుర్తు లేదు. నా చేతిలో టీ చీర మీద ఒలికింది. నాకు కనబడుతున్నది ఎరుపు కాదు, కాలవ నీళ్లలో తేలుతూ పోయిన తొమ్మిది నోటుపుస్తకాలు.

ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తాడు. అప్పుడైనా అనుమానం రావాలి కదా, మన ఊళ్లో గ్యాస్ కోసం ఫోన్ చేస్తే గంట పడుతుంది. రాలేదు. నా హిందీ బస్టాండులో దారి అడగడానికి సరిపోతుంది, అతని ఇంగ్లీషు నాకు అందనంత వేగంగా పోతోంది, అయినా ఒకరికొకరం బాగానే అర్థమయ్యాం. భయం భాష అడగదు కదా. ఏవో మీటలు నొక్కించాడు, ఎరుపు తెర చిన్నదై పక్కకి జరిగింది. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇతను నిజంగా పనిమంతుడే అనుకున్నాను. ఒక చిన్న ప్రోగ్రాం వేయించాడు, తెర మీద వచ్చిన అంకెలు చదవమన్నాడు, చదివాను. అంతే, నా చెయ్యి తగలకుండానే మౌస్ బాణం తనంతట తాను నడవడం మొదలుపెట్టింది.

అతను నల్లటి కిటికీ ఒకటి తెరిచాడు. అందులో అక్షరాలు జలజలా పరిగెత్తాయి. ఇంకోచోట ఎర్ర గుర్తులు, పసుపు గుర్తులు ఉన్న జాబితా చూపించి, మేడమ్, ఇవన్నీ వైరస్‌లే అన్నాడు. ఆ జాబితా ఏ మంచి కంప్యూటర్లోనైనా ఉంటుందని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం నా పుస్తకం పోతుందా అని అడిగాను. పదిహేను నిమిషాల్లో అన్నీ పోతాయి, మా యాంటీవైరస్ వేస్తే నిలుస్తాయి, కార్డు చెప్పండి అన్నాడు. కార్డు తీసి దాని మీదున్న అంకెలన్నీ ముందూ వెనకా చదివేశాను. పదో తరగతిలో పద్యం కూడా అంత చక్కగా అప్పజెప్పలేదు.

ఇక ఓటీపీ చెప్పాలి. అది నా ఫోనుకు రాదు, మా ఆయన ఫోనుకు వస్తుంది. పెళ్లయిన కొత్తలో బ్యాంకులో ఇచ్చిన నంబరు, ఎప్పుడూ మార్చలేదు. ఆయన నాపరాయి క్వారీలో టిప్పర్ నడుపుతాడు. ఇంట్లో ఉన్న రెండో ఫోన్లోంచి ఆయనకి చేశాను, ఎత్తలేదు. మళ్లీ చేశాను, ఎత్తలేదు. ఒక చెవిలో రింగు, ఒక చెవిలో హరీ అప్ మేడమ్, తెర మూల నుంచి ఆగకుండా మోత. నాకు ఏడుపొచ్చేస్తోంది.

"ఏందమ్మాయ్ ఆ మోత?" అన్నాడు పెద్దాయన. అప్పటిదాకా ఆయన అక్కడున్న సంగతే మర్చిపోయాను.

ఫోన్ చేత్తో మూసి, జరిగిందంతా ఒక్క గుక్కలో చెప్పేశాను. ఆయన తల పక్కకి వంచి వింటూ ఉన్నాడు. నా మాటలు కాదు, ఆ మోత వింటున్నాడు.

"అది అరవబట్టి ఎంతసేపైంది?"

"ఇరవై నిమిషాలు అయ్యుంటుంది బాబాయ్."

"మొదట్నించీ ఇట్టానే అరస్తందా? ఒక్కలాగా?"

నేను విన్నాను. అవును, అదే మోత, అదే ఆడగొంతు, అదే చోట మొదలై అదే చోట ఆగి మళ్లీ మొదలవుతోంది.

"నొప్పున్న గొడ్డు ఒక్కలాగా అరవదమ్మాయ్," అన్నాడు. "ఒకసారి గట్టిగా అరుస్తది, ఒకసారి మూలుగుద్ది, ఒకసారి గొంతు రాక నోరు తెరుస్తది. ఇది లెక్కపెట్టి అరస్తంది. దీనికేం నొప్పి లేదు."

ఆయనకి తెర కనిపించదు. ఎరుపు లేదు, ఆశ్చర్యార్థకాలు లేవు, నల్ల కిటికీలో పరిగెత్తే అక్షరాలూ లేవు. నన్ను హడలగొట్టినవన్నీ ఆయన దాకా వెళ్లనే లేదు.

"సంతల్లో తిరిగేవోడు ఒకడు," అన్నాడు, తొందరేమీ లేనట్టు. "ఎవరూ చూడకుండా ఎద్దు నోట్లో సబ్బు ముక్క పెట్టేవోడు. నురగ కారేది. గాలికుంటు వచ్చింది, నా దగ్గర మందుందని అమ్మేవోడు. చానా మంది కొన్నారు. నురగ వాసన చూస్తే తెలిసిపోద్ది, సబ్బుదో రోగానిదో. ఎవరూ చూడలా, భయం. నువ్వు వాడిని అడుగు. రోగం ఎక్కడుంది, ఏ ఫైలుకి అంటుకుంది, ముందది చూపించమను."

అడిగాను. విచ్ ఫైల్, షో మీ అన్నాను. అన్ని ఫైళ్లూ అన్నాడు. ఒక్కటి చూపించు అన్నాను. ఓటీపీ అన్నాడు. ముందు ఫైలు అన్నాను. అంతే, అప్పటిదాకా మేడమ్ అన్న గొంతు మారిపోయింది. గదంతా వినబడేట్టు ఫోన్లో అరవడం మొదలుపెట్టాడు. అప్పుడు వచ్చింది నాకు కోపం, అరగంట ఆలస్యంగా. ఇంగ్లీషు పోయింది, హిందీ పోయింది, మా అమ్మమ్మ కల్లంలో కూలోళ్లని తిట్టే తెలుగు బయటికొచ్చింది. నీ చెయ్యిరగ, కళ్లు కనపడని పెద్దమనిషి రాసుకున్నదిరా అది, ముట్టుకున్నావంటే చూడు అని వీధి చివరి దాకా వినబడేట్టు అరిచాను. ఎదురింటావిడ వాకిట్లోకి వచ్చి నిలబడింది. వాడికి ఒక్క ముక్క అర్థమై ఉండదు. కానీ సంగతి అర్థమైంది.

తెర మీద బాణం కదిలింది. నింపాదిగా నడుచుకుంటూ వెళ్లి నా పచ్చ ఫోల్డర్ మీద ఆగింది. ఓటీపీ చెబుతావా, దీన్ని తీసెయ్యనా అన్నాడు.

"బాబాయ్, పుస్తకం మీద చెయ్యేశాడు!"

"కరెంటు పీకు."

"పొద్దున మీరు చెప్పింది సేవ్ చేయలేదు. పీకితే అది పోద్ది."

నేను వాడే సాఫ్ట్‌వేర్ పాతది, తనంతట తాను ఏదీ దాచుకోదు. ఆ సంగతి ఆయనకి ఎప్పుడో చెప్పాను. ఆయన ఒక్క క్షణం ఏమీ మాట్లాడలేదు. నాకు ఆ క్షణం బాగా గుర్తుంది, ఎందుకంటే ఆ తొందరలో కూడా ఆయన దేన్నో తేల్చుకుంటున్నట్టు అనిపించింది.

"పోతే పోయింది," అన్నాడు. "పీకు."

బల్ల కిందకి దూరి ప్లగ్గు పట్టి లాగాను. తెర ఆరలేదు. పైగా కాళ్ల దగ్గర్నించి కొత్త అరుపు మొదలైంది, కుయ్, కుయ్ అని. కరెంటు లేకుండా బతుకుతోంది, గోడలోకి కూడా పాకినట్టుంది అనుకున్నాను. "ఇది కూడా ఒక్కలాగానే అరస్తంది కదమ్మాయ్," అన్నాడు పెద్దాయన కుర్చీలోంచి. అప్పుడు తట్టింది. అది యూపీఎస్. కరెంటు కోతలకి తట్టుకోలేక, కాస్త మంచిది చూసి ఇవ్వమని మరీ తెచ్చుకున్నాను. మోకాళ్ల మీద పాకి దాని బటన్ గట్టిగా నొక్కి పట్టుకున్నాను. కుయ్‌మని ఆగింది. తెర నల్లబడింది. ముందుగదిలో నా ఊపిరి తప్ప ఏమీ వినబడలేదు.

ఇప్పుడు అసలు ప్రశ్న. వాడి వేలు ముందు పడిందా, నాది ముందు పడిందా? మళ్లీ ఆన్ చేసి చూసే ధైర్యం లేదు. కంప్యూటర్ డబ్బాని తీగలన్నీ ఊడదీసి ఆటో ఎక్కించాను. పెద్దాయన దాన్ని ఒళ్లో పెట్టుకుని రెండు చేతులూ చుట్టేశాడు. స్పీడుబ్రేకర్ వచ్చినప్పుడల్లా, జాగర్తమ్మాయ్, జాగర్త అంటున్నాడు, తోలుతున్నది నేనైనట్టు. దారిలోనే బ్యాంకుకి ఫోన్ చేసి కార్డు ఆపించేశాను. ఈలోగా మా ఆయన ఫోన్. "ఏందే, ఏదో నంబరొచ్చింది నాకు, ఏం కొన్నావ్?" అన్నాడు. ఇంటికొచ్చాక చెప్తా, ఆ నంబరు బ్రహ్మదేవుడు అడిగినా చెప్పకు అన్నాను.

బస్టాండు వెనక రిపేరు షాపతను ఒకప్పుడు మోటార్లకి వైండింగు చేసేవాడు. ఇప్పుడు కంప్యూటర్లు బాగుచేస్తాడు. అంతా విని నవ్వాడు. "ఆ ఎర్రది వైరస్సే కాదక్కా, ఉత్త బొమ్మ. కీబోర్డు మీద రెండు మీటలు నొక్కితే పోయేది. దొంగ ఇంట్లోకి వచ్చింది మాత్రం నువ్వు ఫోన్ చేసి తలుపు తీశాకే," అన్నాడు. నాకు సిగ్గేసింది. నా కళ్లు అతని చేతుల మీదున్నాయి. ఇంటర్నెట్ వైరు తగలకుండా పక్కన పెట్టి, డబ్బా ఆన్ చేశాడు. పెద్దాయన స్టూలు మీద కూర్చుని నా చెయ్యి పట్టుకున్నాడు. తెర తెల్లబడింది. ఒక్కో బొమ్మా వచ్చి కూర్చుంటోంది. శుభలేఖలు వచ్చాయి. బ్యానర్లు వచ్చాయి. అన్నిటికంటే చివర్న, మూలన, పచ్చ ఫోల్డర్.

ఉంది. తెరిచాడు, ఉన్నాయి. గాలికుంటు ఉంది, జబ్బవాపు ఉంది, మేకల పారుడు ఉంది, తొమ్మిది నోటుపుస్తకాలూ ఒక్క అక్షరం పోకుండా ఉన్నాయి. "ఉన్నాయి బాబాయ్," అన్నాను. రిపేరు షాపులో వెక్కివెక్కి ఏడ్చేశాను. ఆనందం అంత బరువుగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. లేనిదల్లా పొద్దున చెప్పిన దొమ్మ ఒక్కటే.

అతను ముందు పుస్తకాన్ని వేరే డిస్కులోకి ఎక్కించాడు, ఆ తర్వాత డబ్బా లోపల ఉన్నదంతా తుడిచేసి కొత్తగా వేశాడు. వేస్తూ నాకు గడ్డి పెట్టాడు. నిజమైన యాంటీవైరస్ ఏదీ ఫోన్ చెయ్యమని అరవదట. ఎవడైనా తెర మీద నంబరు చూపిస్తే వాడే దొంగట. ఏది దించుకున్నా దాన్ని తయారుచేసినవాళ్ల సొంత పేజీ నుంచే దించుకోవాలట. అన్నిటికంటే పెద్ద తప్పు ఒక్కచోటే దాచడమట. రెండు పెన్‌డ్రైవులు కొన్నాను, ఒకటి నాకు, ఒకటి ఆయనకి. ఇంటికొచ్చి నా పాస్‌వర్డులన్నీ మార్చి, సైబర్ పోలీసులకి ఫోన్లో సంగతి రాయించాను.

ఇదంతా అయ్యేసరికి మూడైంది. ఆయన బస్సుకి ఇంకా టైముంది. నాలో ఇంకా ఆ ఊపు తగ్గలేదు, కూర్చోలేకపోతున్నాను. "పోయింది మూడు పేజీలే బాబాయ్, నాకు సగం నోటికొచ్చు, గంటలో లాగేస్తా," అని మొదటి వాక్యం అప్పుడే టైపు కొట్టేశాను. మాచవరం వైపు ఒక పల్లెలో దొమ్మ వచ్చిన బర్రె అని పైకి చదివాను.

"చెరిపెయ్," అన్నాడు.

చెరిపాను.

"అది దొమ్మ కాదమ్మాయ్. పాలజ్వరం. ఈనిన బర్రెకి వచ్చేదే. కాల్షియం సీసా మందు నరానికి ఎక్కియ్యాల. నిదానంగా ఎక్కాల, గుండె మీద చెయ్యేసి చూసుకుంటా ఎక్కియ్యాల. నాకు బస్సు పోద్దని సీసా పైకెత్తి పట్టా. గబగబా దిగింది. నా చేతి కిందే దాని గుండె ఆగిపోయింది."

నా వేళ్లు కీబోర్డు మీద ఆగిపోయాయి.

"ఏమైందయ్యా అని అడిగిందామె. దొమ్మ అన్నా. కోస్తే ఊరంతా అంటుకుంటది, సున్నం తెండి, పూడ్చండి అన్నా. నన్ను ఒక్కరు అడగలా. భయపెడితే ఇంకేం అడుగుతారు? ఆనక ఏడాది ఆ ఇంటి పాలు ఎవరూ పోయించుకోలా. దొమ్మొచ్చిన ఇల్లని. రెండో బర్రెని కూడా తెగనమ్ముకుని ఎటో ఎల్లిపోయింది." కంప్యూటర్ వైపు తల తిప్పాడు. "పొద్దున ఆ ఫోన్లో వాడు అరస్తంటే, నా గొంతే విన్నట్టుంది."

నాకు ఆయన మీద కోపమొచ్చింది, అబద్ధం చెప్పను. ఆ పాలు పోయించుకోని ఏడాది నా కళ్ల ముందు తిరిగింది. కానీ అంతకంటే పెద్దది ఇంకొకటి లోపల ఎగిసిపడుతోంది. నా ఎదురుగా ఒక మనిషి మొదటిసారి నిజం చెబుతున్నాడు, దాన్ని పట్టుకోగలిగేది నా వేళ్లే. కొట్టాను. ఆ రోజు కొట్టినంత వేగంగా నేను ఎప్పుడూ కొట్టలేదు. పాలజ్వరం ఎలా గుర్తుపట్టాలి, మందు గోరువెచ్చగా ఎందుకు చేయాలి, ఎంత నిదానంగా ఎక్కించాలి, తొందరపడి తాను ఏం చేశాడు, దాన్ని కప్పిపుచ్చడానికి ఏ రోగం పేరు చెప్పాడు, అన్నీ చెప్పించుకుని కొట్టాను. ఒక్క మాట నేను దిద్దలేదు.

చెప్పడం అయిపోయాక కళ్లద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకున్నాడు. తుడిచినా ఆయనకి కనబడేది ఏమీ లేదు.

"దాచమ్మాయ్," అన్నాడు. "ఎన్ని చోట్ల వీలైతే అన్ని చోట్ల దాచు. ఇది ఇంకోసారి చెప్పలేను."